నాలుగో టికెట్టు

బీచ్ రోడ్డు మీది గది రద్దయిపోయిందని వనితకు భర్త చెప్పలేదు, అత్తగారూ చెప్పలేదు. ఆదివారం పొద్దున హోటలువాళ్ళే ఫోన్ చేసి, కట్టిన డబ్బు నాలుగైదు రోజుల్లో వెనక్కి వచ్చేస్తుంది మేడమ్ అని మర్యాదగా చెప్పి పెట్టేశారు.

ఫోను చేత్తో పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. కేదార్ పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడని అనుకోవాలి గానీ, పేజీ తిప్పి చాలాసేపయింది.

"వైజాగ్‌లో గది మీరు క్యాన్సిల్ చేశారా?"

"ఆ... చెప్దామనుకున్నాను."

"ఎప్పుడు? రైలెక్కాకా?"

"ఒక్క రాత్రికి అంత పోయడం దండగ కదా వనితా. అన్నయ్య ఇల్లుండగా హోటల్లో దిగితే వాళ్ళేమనుకుంటారు?"

ఆ ఇంట్లో అది పాత మాటే. నాలుగు రోజుల ప్రయాణం ఖర్చు మీద నెల నుంచి వాళ్ళు పడని తగువు లేదు. రైలుకింత, ఆటోలకింత, బావగారింటికి పట్టుకెళ్ళే పళ్ళకూ స్వీట్లకూ ఇంత అని కూర్చుని లెక్క వేసింది వనితే. కేదార్ అన్న రఘురామ్ ఇంట్లోనే దిగాలన్నారు, సరేనంది. సింహాచలానికి బస్సులోనే వెళ్దామన్నారు, దానికీ సరేనంది. కొత్త చీర మాట తనంతట తానే మానుకుంది. ఆఖరి రాత్రికి మాత్రం సముద్రం ఎదురుగా ఒక గది కావాలంది.

ముప్ఫై ఏడేళ్ళు వచ్చినా వనిత సముద్రం చూడలేదు. పుట్టింది బోరబండలో, కాపురం అమీర్‌పేటలో, ఉద్యోగం పంజాగుట్టలో. ఆమె ఎరిగిన పెద్ద నీళ్ళు హుస్సేన్‌సాగర్ నీళ్ళే. పొద్దున లేచి కిటికీ తెరిస్తే సముద్రం కనబడాలన్నది ఆ ప్రయాణంలో ఆమె కోరుకున్న ఒకే ఒక్క కోరిక.

"ఊరికే పోలేదులేమ్మా ఆ డబ్బు," అంది కుసుమకుమారి వంటింట్లోంచి. ఆవిడ దొండకాయలు తరుగుతోంది. "మీ నాన్నగారికి తీసిన టికెట్టు ఖర్చు దాంతో సరిపోతుంది."

వనితకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"మా నాన్నకు టికెట్టా? మా నాన్న ఎందుకొస్తున్నాడు?"

"అమ్మా!" అన్నాడు కేదార్.

కుసుమకుమారి మంచి మనిషే. కాకపోతే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కొడుకు అరిచేసరికి కంగారుపడి, దిద్దుకోబోయి ఇంకాస్త జారింది.

"అది కాదురా, ముగ్గురం ఎలా బయల్దేరతాం? ముగ్గురు కలిసి వెళ్తే వెళ్ళిన పని కాదు. పెద్దవాళ్ళ మాట."

"ఏం పని అత్తయ్యగారూ?"

కత్తిపీట మీద దొండకాయ సగం తెగి ఆగింది.

"సముద్రం చూడ్డానికి పోతూ పనేంటి? ముగ్గురం కలిసి సినిమాకి వెళ్ళలేదా? ఎగ్జిబిషన్‌కి వెళ్ళలేదా? ఎప్పుడూ నాలుగో మనిషిని వెతుక్కోలేదే!"

"సరదాగా తిరగడం వేరు, శుభమా అని..."

"అమ్మ సెంటిమెంట్లు నీకు తెలియనివా?" అంటూ కేదార్ మధ్యలో దూరాడు. "మామయ్యగారు మాత్రం ఎప్పుడు చూశారు వైజాగ్? పెద్దాయన సంతోషపడతాడని తీశాను. దానికీ తప్పేనా?"

"తప్పని ఎవరన్నారు? నాకు చెప్పలేదంటున్నా. అయినా పోయినేడు చిన్నత్తగారి గృహప్రవేశానికి ముగ్గురమే వెళ్తే కొంగున గులకరాయి కట్టుకున్నారుగా, నాలుగో మనిషి కింద. ఇప్పుడూ అలాగే కట్టుకుంటే సరిపోయేది."

"ఇంత పెద్దదానికి రాయి చాలదమ్మా," అని, కుసుమకుమారి నాలుక కరుచుకుంది.

కేదార్ లేచి చొక్కా తగిలించుకున్నాడు. పాలు అయిపోయాయి, తెస్తానంటూ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఫ్రిజ్‌లో రెండు పాల ప్యాకెట్లున్నాయి.

వనిత పంజాగుట్టలో ఒక మందుల పంపిణీ కంపెనీలో టూరు బిల్లులు పాసు చేస్తుంది. ఊళ్ళు తిరిగే సేల్స్ కుర్రాళ్ళు ఇచ్చే ఖర్చుల్ని చూసి, మనిషి ఎక్కడికి వెళ్ళాడన్నదే కాదు, ఎందుకు వెళ్ళాడో కూడా చెప్పేస్తుందని ఆఫీసులో పేరు. ఊరందరి ప్రయాణాలూ తెలిసిన మనిషికి సొంత ఇంటి ప్రయాణం తెలియకపోవడం చిత్రమే. నమ్మినచోట ఎవరు లెక్క చూస్తారు?

ఇప్పుడు చూసింది. ఆటోవాడితో పది రూపాయలకు పేచీ పెట్టుకునే కేదార్, తిరిగొచ్చే రోజు సికింద్రాబాద్ స్టేషన్ నుంచి కారు కావాలన్నాడు. వెళ్ళేటప్పుడు మెట్రో చాలట, వచ్చేటప్పుడు చాలదట. అప్పుడు తను నవ్వి, ఏం, సముద్రం మూటగట్టి తెస్తున్నారా అంది. అతనూ నవ్వాడు.

శుభం. పెద్ద పని. నాలుగో మనిషి. ఆలోచించగా ఆలోచించగా వనితకు ఒకటే తోచింది. రఘురామ్ బావగారు స్థలాల బేరాలు చేస్తారు. ముహూర్తం చూసుకుని అక్కడ చిన్న స్థలమేదో కొంటున్నారు, సాక్షి సంతకానికి నాన్నను తీసుకెళ్తున్నారు. తనకు చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నారేమో! గది పోతే పోయింది. సగం కోపం అక్కడే కరిగిపోయింది పిచ్చిదానికి. ఆ సాయంత్రం కేదార్‌కు ఇష్టమని ఉల్లిపాయ పకోడీలు కూడా వేసింది.

*

సోమవారం భోజనాల వేళ ఫోన్ మోగింది. "బిడ్డా, మీ ఆఫీస్ కిందనే ఉన్న. జర దిగి రారాదు," అన్నాడు రాజనర్సయ్య.

వనిత తండ్రికి బోరబండలో చిన్న దర్జీ దుకాణం ఉంది. పెద్దపెద్ద షాపులొచ్చాక ప్యాంట్ల పొడుగు తగ్గించడం, చిరిగినవి కుట్టడం తప్ప కొత్త బట్ట ఆయన మిషను కిందికి రావడమే తక్కువ. అలాంటి మనిషి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర, చంకలో కవరు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏంది నాయినా, దుకాణం బందు వెట్టి వచ్చినవా?"

"నీకు సూపియ్యాల్నని వచ్చిన. ఛాయ్ తాగుదాం దా."

పక్కనున్న హోటల్లో మూలబల్ల దగ్గర కూర్చున్నారు. రాజనర్సయ్య చేతులు పంచెకు తుడుచుకుని, కవరులోంచి కాగితం పొట్లం తీశాడు. పొట్లంలోంచి గంధం రంగు పట్టు లాల్చీ బయటికొచ్చింది. బెత్తెడు చేతులు, మెడకు సన్నటి జరీ, చిన్నచిన్న గుండీలు. మడత విప్పి బల్ల మీద పరిచేసరికి మూరెడు పొడవుంది.

"మస్తుగున్నది నాయినా! ఎవరిది, ఆర్డరా?"

రాజనర్సయ్య నవ్వాడు. "ఎవరిదంటవేంది బిడ్డా. నా మనుమనిది."

"ఏ మనుమడు?"

"ఇగో, నా దగ్గర సుత దాస్తవా? అల్లుడు అంత చెప్పిండు. రెండు వారాలాయె, దుకాణానికే వచ్చిండు. వాళ్ళన్న చిన్నకొడుకును మీరు తెచ్చుకుంటున్నరని, శనివారం హోమమని. దత్తత తీస్కునే దినం తల్లి తరఫు తాత కొత్తబట్టలు వెట్టాల్నట గద. నేనే వెట్టాలె, నేను లేకుంటే నడవదన్నడు. నా టికెట్ సుత ఆయనే తీసిండు."

వనిత చేయి లాల్చీ మీదే ఉంది. వెనక్కి తీసుకోవాలని తోచలేదు.

"నాకెందుకు చెప్పలే నువ్వు?"

"అల్లుడే వద్దన్నడు. వనిత ఒప్పుకున్నది మామయ్యా, గని గిన్నేండ్లు బాధ వడ్డది గద, గా మాట ఎత్తితే ఏడుస్తది, అక్కడికి పోయేదాంక మీరేం అడగొద్దు అన్నడు. నేను గిన్ని దినాలు నోరు మూస్కున్న. ఇగ నాతోని కాలే." ఆయన గొంతు తగ్గించాడు. "మీ అమ్మకు చెప్తే మస్తు ఏడ్సింది బిడ్డా, సంతోషంతోని. గా దవాఖానల పొంటి నిన్ను తిప్పుతుంటే ఆమె తిన్నదా, పన్నదా? పోనీ తియ్, అన్ని మంచిగైనయ్."

ఛాయ్ వచ్చింది. ఇద్దరూ తాగలేదు. ఆయన ఆనందంలో మర్చిపోయాడు, ఆమె కప్పు పక్కకు జరిపింది.

"కొల్త లేకుండ ఫొటో సూసి అంచనాకు కుట్టిన. నువ్వు పోయినేడు పెండ్లిల ఎత్తుకున్నవ్ గద పిలగాన్ని. సూసి చెప్పు, సరిపోతదా? మెడ జర పెద్దగైందా?"

ఆమె చెప్పవచ్చు. నాకేం తెలియదు నాయినా, నన్నెవరూ అడగలేదు నాయినా అని ఆ బల్ల దగ్గరే చెప్పవచ్చు. కానీ ఆయన వేలు ఆ మెడపట్టీ మీద కుట్టు వెంబడే వెళ్తోంది. ఎన్నేళ్ళ తర్వాతో చేతికొచ్చిన కొత్త బట్ట.

"సరిపోతది నాయినా," అంది వనిత.

*

ఆఫీసు నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చింది. కోచింగ్ సెంటర్ల నుంచి బిలబిలమని వస్తున్న పిల్లలు ఒరుసుకుంటూ వెళ్తున్నా ఆమెకు తెలియలేదు. ఒక్క మాటే చెవిలో గిర్రున తిరుగుతోంది. వనిత ఒప్పుకున్నది మామయ్యా.

రెండేళ్ళ కిందట, బంజారా హిల్స్ ఆసుపత్రి నుంచి ఆఖరిసారి వస్తూ ఆటోలో కూర్చుని తను ఏడ్చింది. ఇంక నా వల్ల కాదు కేదార్, సూదులూ వద్దు, ఎవరి బిడ్డనో తెచ్చుకుని నటించడమూ వద్దు, నాకంత శక్తి లేదు అంది. అతను చెయ్యి పట్టుకుని, మనిద్దరం చాలు అన్నాడు. ఆ రెండు ముక్కలు పట్టుకుని ఆమె మళ్ళీ మనిషయింది. చుట్టాలు అడిగినా, పక్కింటివాళ్ళు జాలిపడినా, లోపల ఆ మాట ఉందన్న ధైర్యంతో నవ్వి ఊరుకుంది.

ఇంట్లోకి వచ్చేసరికి కుసుమకుమారి దేవుడి దగ్గర దీపం పెట్టి వస్తోంది. కేదార్ అప్పుడే ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి వచ్చి సాక్సు విప్పుతున్నాడు.

వనిత సంచి కింద పెట్టింది. "హోమం శనివారం ఎన్నింటికి?" అంది.

కేదార్ తేలు కుట్టిన దొంగలా తల వంచాడు. ఒక సాక్సు చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పారన్నదా ఇప్పుడు నీకు కావలసింది?"

అత్తగారి ఎదుట మొగుణ్ణి ఆమె ఎన్నడూ నువ్వు అని ఎరుగదు. గదిలో నువ్వు, బయట మీరు. పదేళ్ళ కాపురంలో అది తప్పలేదు. కుసుమకుమారికి ఆ తేడా వినబడింది.

"కూర్చో వనితా, చెప్తాను. అన్నయ్య పరిస్థితి నీకు తెలియంది కాదు. బేరాలు లేవు, ముగ్గురు పిల్లలు, వదినకేమో ఒంట్లో బాగుండటం లేదు. అమ్మే అంది, అనుదీప్‌ని మనం తెచ్చుకుంటే..."

"అత్తయ్యగారికి తెలుసు. బావగారికి తెలుసు. బోరబండలో మా అమ్మకు తెలుసు. నాకు ఎప్పుడు తెలియాలని పెట్టుకున్నారు? పీటల మీద కూర్చోబెట్టాకా?"

"నీకు ముందే చెప్తే వద్దంటావని..."

"వద్దంటానని తెలుసు. తెలిసే చేశావ్."

"వాణ్ణి చూస్తే నువ్వే మారతావనుకున్నాను."

"కాదు. నేను పక్కన కూర్చోకపోతే ఆ దత్తత జరగదు. అందుకని సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళి, పదిమంది మధ్యన, మా నాన్న చేతిలో కొత్తబట్టలు పెట్టుకుని నిలబడితే, ఆయన మొహం చూసి నోరెత్తలేదులే అనుకున్నావ్. నాలుగో టికెట్టు అందుకు తీశావ్."

కేదార్ చేతిలోని సాక్సును ఉండ చుట్టాడు. కాదని మాత్రం అనలేదు. కాదంటాడేమోనని వనిత కాసేపు చూసింది కూడా.

"పరాయి బిడ్డ కాదు కదమ్మా," అంది కుసుమకుమారి నెమ్మదిగా. "మన రక్తమే. నీ ఒడి నిండాలనే కదా మేం..."

"బిడ్డ మంచివాడు కాదన్నానా అత్తయ్యగారూ? నన్ను అడగలేదంటున్నా. ఇంటికి ఫ్రిజ్ కొంటే రంగు అడిగారు నన్ను. బిడ్డను తెస్తూ అడగలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. వనిత మళ్ళీ మొగుడి వైపు తిరిగింది. గొంతు ఈసారి తగ్గింది.

"ఆ రోజు ఆటోలో, మనిద్దరం చాలు అన్నావే. అది గుర్తుందా?"

"గుర్తుంది."

"మరి?"

"నువ్వలా ఏడుస్తుంటే ఏమనమంటావ్ వనితా?" అన్నాడు కేదార్ విసుగ్గా. "ఏదో ఒకటి అనాలి కదా. అన్నాను."

అన్నాక గాని అతనికి తెలియలేదు తనేమన్నాడో. వనిత గోడకు చేయి ఆనించుకుంది. గది పోతే పోయింది, దత్తత దాచారు సరే, నాన్నను ఎరగా పెట్టారు సరే. వాటన్నిటికీ ఆమె ఏడవగలదు, పోట్లాడగలదు. కానీ రెండేళ్ళుగా తను ఏ మాట మీద బతికిందో, అది ఏడుపు మాన్పించడానికి పిల్లకు చేతిలో పెట్టే బెల్లంముక్క అని తెలిశాక ఏం చెయ్యాలో తోచలేదు.

అప్పుడే కుసుమకుమారి ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకు వచ్చే వీడియో కాల్. అలవాటు చొప్పున ఆవిడ వేలు నొక్కేసింది.

"నాన్నమ్మా! పిన్ని వచ్చిందా? పిన్నికియ్యి!"

వనితే వెళ్ళి ఫోను తీసుకుంది. తెర నిండా అనుదీప్ మొహం, ముందుపళ్ళ మధ్య సందు.

"పిన్నీ, నా బ్యాగు చూడు! నేనే సర్దుకున్నా. రెండు నిక్కర్లు, కారు, బ్రష్షు. నేను మీ ఊరు టూర్ వస్తున్నాగా!"

"టూరా?"

"ఊఁ. నాలుగు రోజులు. నాన్న చెప్పాడు. మీ ఇంటి దగ్గర రైలు పైనుంచి వెళ్తుందంట కదా? నేను కిటికీ పక్కన కూర్చుంటా. మరి పిన్నీ, టూర్ అయిపోయాక నన్ను నువ్వు దింపుతావా, నాన్న వస్తాడా?"

వెనకనుంచి ఎవరిదో పెద్ద చెయ్యి వచ్చింది. "చాల్లేరా, ఇటివ్వు," అన్న రఘురామ్ గొంతు వినిపించింది. తెర నల్లబడింది.

కుసుమకుమారి సోఫాలో కూలబడి, "చిన్నవాడు కదమ్మా, మెల్లగా అలవాటు పడతాడని..." అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది.

"వాడికీ నాకూ ఒకటే అబద్ధం చెప్పిన్రు," అంది వనిత. ఆ ఇంట్లో ఆమె నోట పుట్టింటి యాస రావడం అదే మొదలు. "నాలుగు దినాల టూరని."

కేదార్ లేచాడు. "సరే. నీకిష్టం లేకపోతే టికెట్లు క్యాన్సిల్ చేసేస్తాను. అన్నయ్యకి నేనే ఏదో ఒకటి..."

"ఏదో ఒకటి చెప్పుడు ఇగ చాలు. క్యాన్సిల్ చెయ్యకు. శుక్రవారం పోదాం. మీ అన్న ముందట, వదిన ముందట, ఆ పిలగాన్ని పక్కన కూసోవెట్టుకుని నిజం మాట్లాడుకుందాం. తర్వాత నేనొక్కదాన్నే పోయి సముద్రం చూసుకుంటా." వనిత అత్తగారి వైపు తిరిగింది. "మా నాయిన రాడు అత్తమ్మా. మనం ముగ్గురమే పోదాం. ముగ్గురు పోతే పోయిన పని కాదన్నరు గద."

కుసుమకుమారి చప్పున తలెత్తింది.

"మరి మామయ్యగారికి ఏమని చెప్తావు?" అన్నాడు కేదార్.

"నేనా? నేను ఒప్పుకున్ననని చెప్పింది నువ్వు. ఒప్పుకోలేదని కూడా నువ్వే చెప్పు."

ఆమె తన ఫోన్‌లో తండ్రి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, అతని చేతిలో ఉంచింది. రెండు రింగులకే రాజనర్సయ్య ఎత్తాడు. వెనక కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"చెప్పు బిడ్డా."

"నేను మామయ్యా. కేదార్‌ని."

"ఆ, అల్లుడు గారూ! నేనే చేద్దామనుకుంటున్న, మీరే చేసిన్రు. అంగి సరిపోతదన్నది బిడ్డ. మిగిలిన బట్టతోని గదే అంచనాకు టోపీ సుత కుడుతున్న. జర ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకుండ్రి. మీ అత్త సుత వస్తనంటుంది, మనుమన్ని ఎత్తుకుని తేవాలెనంట. ఐదో టికెట్ దొరుకుతదా?"

కేదార్ వనిత వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అల్లుడు గారూ? హలో? ఇనవడుతుందా?"